కంప్యూటర్ తెరపై మన ఫోటోల స్క్రీన్‌సేవర్: ఫోల్డర్ తయారీ నుంచి టైమింగ్స్ దాకా

ఫోటోల స్క్రీన్‌సేవర్ గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలు ఇవి: “ఫోటోస్ అని సెలెక్ట్ చేస్తే ఏవేవో స్క్రీన్‌షాట్లు వస్తున్నాయి”, “రెండు పక్కలా నల్లటి పట్టీలు పడుతున్నాయి”, “టైమ్ పెట్టినా అసలు మొదలే కావడం లేదు”.

మొదటి రెండింటికీ కారణం సెట్టింగ్ కాదు, ఫోల్డర్. సెట్టింగ్ రెండు నిమిషాల పని. ఫోల్డర్‌కు మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం కేటాయించాలి. అది సరిగ్గా కుదిరితే మిగతాదంతా సులువే. అందుకే ఇక్కడ సగానికి పైగా ఫోల్డర్ గురించే ఉంటుంది.

## 1. మొదలుపెట్టే ముందు

ఫోటోలు మారుతూ కనిపించే ఏర్పాట్లు విండోస్‌లో మూడున్నాయి. చాలామంది ఒకదానిలో పెట్టి ఇంకోదానిలో వెతుకుతుంటారు.

- డెస్క్‌టాప్ స్లైడ్‌షో: ఐకాన్ల వెనక వాల్‌పేపర్ మారుతుంటుంది.
- లాక్ స్క్రీన్ స్లైడ్‌షో: కంప్యూటర్ లాక్ అయి ఉన్నప్పుడు కనిపిస్తుంది.
- స్క్రీన్‌సేవర్: మౌస్, కీబోర్డు కాసేపు ముట్టుకోకపోతే తెర నిండా వస్తుంది. మనం మాట్లాడుకునేది దీని గురించే.

ఆ తర్వాత ఆ తెరను ఎవరెవరు చూస్తారో ఆలోచించండి. ఇంట్లో హాల్లో ఉండే కంప్యూటర్ వేరు, షాపు కౌంటర్ మీదిది వేరు, ఆఫీసు ల్యాప్‌టాప్ వేరు. ఏ ఫోటోలు పెట్టాలి, పాస్‌వర్డ్ అడగాలా వద్దా అన్నవి దీన్నిబట్టే తేలతాయి.

మీ తెర కొలత కూడా చూసి పెట్టుకోండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అందులో డిస్‌ప్లే రిజల్యూషన్. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 1920×1080. ఫోర్‌కే మానిటర్ అయితే 3840×2160.

## 2. విడిగా ఒక ఫోల్డర్ పెట్టండి

విండోస్ స్క్రీన్‌సేవర్ తనంతట తాను వెతికేది ‘పిక్చర్స్’ ఫోల్డర్‌లో. స్క్రీన్‌షాట్లు చేరేది అందులోనే. ఫోన్ నుంచి దించిన ఫోటోలూ చాలామంది అక్కడే పడేస్తారు. ఆధార్ కార్డు, పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, డాక్టర్ రాసిన మందుల చీటీ, పొలం కాగితాలు… ఏదో ఒక అవసరానికి తీసినవన్నీ ఫోటోలే కదా. చుట్టాలు వచ్చి కూర్చున్నప్పుడు ఇవి తెర నిండా తిరగడం ఎవరికీ ఇష్టం ఉండదు. షాపు కౌంటర్ మీద అయితే అది ప్రమాదం కూడా.

కాబట్టి పిక్చర్స్ జోలికి వెళ్లకండి. ‘సి’ లేదా ‘డి’ డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్ చేసి ‘తెర ఫోటోలు’ అని పేరు పెట్టండి. పేరు తెలుగులో ఉన్నా ఇబ్బంది లేదు.

ఈ ఫోల్డర్‌కు నియమాలు మూడే:

- ఒరిజినల్ ఫోటోలు ఇందులోకి కట్ చేసి తేవద్దు, కాపీ చేయండి. ఇక్కడ కత్తిరించినా, సైజు తగ్గించినా అసలు ఫోటో భద్రంగా ఉండాలి.
- లోపల మళ్లీ ఫోల్డర్లు పెట్టకండి. ఫోటోలన్నీ ఒకే వరుసలో ఉంటే ఏరడం సులువు.
- ‘తర్వాత చూద్దాం’ అనుకున్నవి ఇందులో పడేయకండి. వాటికి ఇంకో ఫోల్డర్ పెట్టుకోండి.

## 3. ఫోటోలు ఎక్కడి నుంచి తేవాలి

ఫోన్ నుంచి: కేబుల్‌తో కాపీ చేసుకోవడమే మంచిది. ఫోటోను వాట్సాప్‌లో మనకు మనమే పంపుకుని దించుకోవడం చాలామందికి అలవాటు. అలా మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. ఫోన్లో బాగానే కనిపించినా పెద్ద మానిటర్ మీద ముఖాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి. వాట్సాప్ తప్పదంటే ‘డాక్యుమెంట్’గా పంపండి, అసలు ఫైల్ అసలులాగే వస్తుంది.

గూగుల్ ఫోటోస్ నుంచి: కావలసిన ఫోటోలతో ఒక ఆల్బమ్ చేసి, కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి, మూడు చుక్కల మెనూలో ‘డౌన్‌లోడ్ ఆల్’ నొక్కండి. వచ్చేది జిప్ ఫైల్. దాన్ని అలాగే ఫోల్డర్‌లో పెడితే స్క్రీన్‌సేవర్‌కు ఒక్క ఫోటో కూడా కనబడదు. రైట్ క్లిక్ చేసి ‘ఎక్స్‌ట్రాక్ట్ ఆల్’ ఇచ్చి, బయటికి వచ్చిన ఫోటోలను కాపీ చేయండి.

పెళ్లి ఫోటోలు: ఇక్కడ కాస్త జాగ్రత్త. స్టూడియో వాళ్లు ఇచ్చే పెన్‌డ్రైవ్‌లో మామూలుగా రెండు రకాల ఫైళ్లు ఉంటాయి. ఒకటి విడి ఫోటోలు, రెండోది ఆల్బమ్ డిజైన్ షీట్లు. డిజైన్ షీట్లు చూడ్డానికి అందంగా ఉంటాయి కాబట్టి అందరి చెయ్యీ వాటి మీదికే వెళ్తుంది. కానీ 12×36 అంగుళాల షీటు అంటే వెడల్పు ఎత్తుకు మూడు రెట్లు. 1920×1080 తెర మీద దానికి దక్కే ఎత్తు 640 పిక్సెళ్లే. పైనా కిందా నలుపు, మధ్యలో సన్నటి పట్టీ, ఆ పట్టీలో ఏడెనిమిది చిన్న చిన్న ఫోటోలు. పెళ్లికూతురి ముఖం బఠాణీ గింజంత కనిపిస్తుంది. విడి ఫోటోలే వాడండి. పెన్‌డ్రైవ్‌లో అవి లేకపోతే స్టూడియోకి ఫోన్ చేసి అడగండి, ఆలస్యం చేయకండి. పాత పనుల ఫైళ్లను వాళ్లు ఎల్లకాలం దాచి ఉంచరు.

పాత కాగితపు ఫోటోలు: స్కానర్ అందుబాటులో ఉంటే 4×6 అంగుళాల ఫోటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. 3600×2400 పిక్సెళ్లు వస్తాయి, ఏ మామూలు తెరకైనా సరిపోతుంది. 300 డీపీఐలో అయితే 1800×1200 దగ్గర ఆగిపోతుంది. పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఒక్కటే మిగిలిన తాతగారి లాంటి వాళ్ల విషయంలో 1200 డీపీఐ పెట్టండి.

స్కానర్ లేకపోతే ఫోన్‌తో తీయొచ్చు. ట్యూబ్‌లైట్ కింద వద్దు, ఫ్లాష్ అసలు వద్దు. పగటిపూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట ఫోటోను బల్ల మీద పరిచి, సరిగ్గా పైనుంచి తీయండి. ఫోటో ఆల్బమ్ ప్లాస్టిక్‌కో, ఫ్రేమ్ అద్దానికో అతుక్కుపోయి ఉంటే లాగకండి, ఫోటో పైపొర ఊడి వచ్చేస్తుంది. అలాంటిదాన్ని అద్దం మీదుగానే, మెరుపు పడని కోణం చూసుకుని తీయాలి. గూగుల్ వాళ్ల ఫోటోస్కాన్ యాప్ నాలుగైదు కోణాల్లో తీయించి ఆ మెరుపును తగ్గిస్తుంది.

## 4. ఏరడం

అసలు పని ఇదే. వెయ్యి ఫోటోలు వేస్తే గొప్పగా ఉంటుందనుకుంటాం. స్క్రీన్‌సేవర్ నడిచేది ఒక్కోసారి కొద్ది నిమిషాలే. మొదటిసారికి 100 నుంచి 150 ఫోటోలు చాలు.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘ఎక్స్‌ట్రా లార్జ్ ఐకాన్స్’ పెట్టుకుని వరుసగా చూడండి. తలంబ్రాల దగ్గర ఫోటోగ్రాఫర్ క్షణం తేడాతో నలభై తీసి ఉంటాడు. అందులో ఒకటి ఉంచండి. అందరూ కెమెరా వైపు చూస్తున్నది కాకుండా, బియ్యం గాల్లో ఉండగా అత్తయ్య నోరు తెరిచి నవ్వుతున్నది ఉంటే అదే ఉంచమంటాను. వరుసగా నిలబడి దిగిన గ్రూప్ ఫోటో గదికి అవతలి నుంచి చూస్తే ఎవరు ఎవరో తెలియదు. ఒకరిద్దరు దగ్గరగా ఉన్న ఫోటో ఎంత దూరం నుంచైనా పలకరిస్తుంది.

మన ఇళ్లలో ప్రత్యేకంగా ఆలోచించాల్సినవి రెండున్నాయి.

కాలం చేసిన వాళ్ల ఫోటోలు పెట్టాలనుకుంటే దండ వేసిన ఫోటో కాకుండా, వాళ్లు ఆరోగ్యంగా, హుషారుగా ఉన్నప్పటిది ఎంచుకోండి. అదైనా ఇంట్లో వాళ్లను ఒక మాట అడిగాకే పెట్టండి. అమ్మ కూరగాయలు తరుగుతూ తల ఎత్తగానే నాన్న ఫోటో కనిపిస్తే ఆమెకు సంతోషమా, దుఃఖమా అన్నది మనం ఊహించి నిర్ణయించేది కాదు.

రెండోది పసిపిల్లల ఫోటోలు. దిష్టి తగులుతుందని బామ్మకు ఇష్టం లేకపోవచ్చు, ముక్కూమొహం తెలియని వాళ్లు చూడటం పిల్లల తల్లికి నచ్చకపోవచ్చు. షాపులో, ఆఫీసులో పెట్టే తెరకు పిల్లల ఫోటోలు వద్దనే నేను చెబుతాను. స్కూల్ యూనిఫాం, ఐడీ కార్డు, ఇంటి నంబరు కనిపించేవి అసలే వద్దు.

తీసేయాల్సిన వాటి చెక్‌లిస్టు:

- [ ] గుర్తింపు కార్డులు, బ్యాంకు కాగితాలు, మందుల చీటీలు
- [ ] స్క్రీన్‌షాట్లు, ఓటీపీ కనిపించేవి, టికెట్లు
- [ ] గుడ్ మార్నింగ్, పండగ శుభాకాంక్షల బొమ్మలు
- [ ] మసకగా, చెయ్యి కదిలి వచ్చినవి
- [ ] ఒకే సందర్భంలో మూడుకు మించినవి
- [ ] ఫోటోలో ఉన్న మనిషికే నచ్చనివి

## 5. ఆకారం, ఫార్మాట్, సైజు

ఆకారం: ఎక్కువ తెరలు 16:9 (వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9). ఫోన్ కెమెరా మామూలుగా 4:3. అడ్డంగా తీసిన 4:3 ఫోటో 1920×1080 తెర మీద 1440 వెడల్పే తీసుకుంటుంది, రెండు పక్కలా 240 చొప్పున నలుపు మిగులుతుంది. ఇది కంటికి ఇబ్బందిగా ఉండదు. నిలువు ఫోటో మాత్రం 810 పిక్సెళ్ల వెడల్పుతో మధ్యలో ఇరుక్కుంటుంది, సగానికి పైగా తెర ఖాళీ.

నిలువు ఫోటోలన్నీ తీసేయమని కాదు. చీర కట్టు పూర్తిగా కనిపించాలన్నా, గాలిగోపురం ముందు నిలబడ్డ మనిషి కావాలన్నా నిలువే అందం. నాలుగింటికి ఒకటి నిలువుగా ఉంటే సరిపోతుంది.

4:3 ఫోటో తెర నిండా రావాలంటే విండోస్ ఫోటోస్ యాప్‌లో ఎడిట్, క్రాప్ దగ్గర 16:9 ఎంచుకోండి. 4000×3000 ఫోటో 4000×2250 అవుతుంది. అంటే ఎత్తులో నాలుగో వంతు పోతుంది. ఎక్కడ కోస్తున్నారో చూసుకోండి: తల పైన ఆకాశం పోతే పర్వాలేదు, కూర్చున్న పిల్లాడి కాళ్లు పోకూడదు. కోస్తే పాడయ్యే ఫోటోను నల్లటి పట్టీలతోనే వదిలేయండి.

పక్కకు తిరిగిన ఫోటోలు: ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ‘రొటేట్ రైట్’ లేదా ‘రొటేట్ లెఫ్ట్’.

ఫార్మాట్: విండోస్‌లో అన్నీ జేపెగ్ (ఫైల్ పేరు చివర .jpg ఉండే మామూలు ఫోటో రకం) ఉండేలా చూసుకోండి. ఐఫోన్ ఫోటోలు చాలావరకు ‘హెచ్ఈఐసీ’ రకం. అవి ఫోల్డర్‌లో ఉన్నా స్క్రీన్‌సేవర్‌లో రాలేదన్న ఫిర్యాదు తరచూ వింటాం. పరిష్కారాలు:

- ఇకమీదట ఫోన్లో తీయబోయే ఫోటోలకు: ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్, ‘మోస్ట్ కంపాటిబుల్’.
- కేబుల్‌తో దించేవాటికి: ఐఫోన్‌లోని ఫోటోస్ సెట్టింగ్స్ అడుగున ‘ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ’ దగ్గర ‘ఆటోమేటిక్’.
- ఇప్పటికే కంప్యూటర్‌లో ఉన్నవాటికి: విండోస్ ఫోటోస్ యాప్‌లో తెరిచి, ‘సేవ్ యాజ్’లో జేపెగ్. చాలా ఉంటే, ఎవరి దగ్గరైనా మ్యాక్ ఉంటే అన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్, క్విక్ యాక్షన్స్, ‘కన్వర్ట్ ఇమేజ్’. ఒకేసారి అయిపోతుంది.

సైజు: కొత్త కంప్యూటర్ అయితే దీని గురించి ఆలోచించక్కర్లేదు. పాతది అయి, ఒక్కో ఫోటో రావడానికి తడబడుతుంటే మాత్రం సైజు తగ్గించండి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో ఇమేజ్ రీసైజర్ ఉంది. ఫోటోలన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్‌తో తెర కొలతకు కుదించొచ్చు. అది పక్కన కొత్త కాపీలు చేస్తుంది. ఆ తర్వాత ఈ ఫోల్డర్‌లోని పెద్దవి తీసేయకపోతే ప్రతి ఫోటో రెండుసార్లు వస్తుంది.

## 6. విండోస్ 10, 11లో సెట్ చేయడం

1. టాస్క్‌బార్ సెర్చ్‌లో ఇంగ్లీషులో ‘స్క్రీన్ సేవర్’ అని టైప్ చేసి ‘ఛేంజ్ స్క్రీన్ సేవర్’ నొక్కండి. లేదా సెట్టింగ్స్, పర్సనలైజేషన్, లాక్ స్క్రీన్, అడుగున స్క్రీన్ సేవర్.
2. చిన్న పాత తరహా కిటికీ తెరుచుకుంటుంది. జాబితాలో ‘ఫోటోస్’ ఎంచుకోండి.
3. పక్కనే ఉన్న ‘సెట్టింగ్స్’ బటన్ నొక్కండి. చాలామంది దాటేసే మెట్టు ఇదే, దాటేస్తే పిక్చర్స్ ఫోల్డరే నడుస్తుంది.
4. ‘బ్రౌజ్’ నొక్కి ‘తెర ఫోటోలు’ ఫోల్డర్ చూపించండి.
5. వేగం: స్లో, మీడియం, ఫాస్ట్. ఇంట్లో అయితే ‘స్లో’ పెట్టండి. ఫోటోను గుర్తుపట్టి, “ఇది అన్నవరం వెళ్లినప్పటిది కదూ” అనేంత వ్యవధి కావాలి.
6. ‘షఫుల్ పిక్చర్స్’ టిక్ చేయండి. లేకపోతే ప్రతిసారీ అవే ఫోటోలతో మొదలై, వెనక ఉన్నవాటికి వంతు రాదు.
7. ‘సేవ్’ నొక్కి, పాత కిటికీలో ‘ప్రివ్యూ’ చూడండి. ప్రివ్యూ నడుస్తుండగా మౌస్ కదిపితే ఆగిపోతుంది, చెయ్యి తీసేయండి.
8. ‘వెయిట్’ దగ్గర నిమిషాలు వేసి, ‘అప్లై’, ‘ఓకే’.

‘ఆన్ రెజ్యూమ్, డిస్‌ప్లే లాగాన్ స్క్రీన్’ అన్న టిక్ ఉంటే, స్క్రీన్‌సేవర్ ఆగగానే మళ్లీ లాగిన్ కావాలి. ఆఫీసులో, షాపులో ఇది తప్పనిసరి. ఇంట్లో పాస్‌వర్డ్ గుర్తుండని పెద్దవాళ్లు వాడే కంప్యూటర్ అయితే తీసేయండి.

ఒక హెచ్చరిక. దేవుళ్ల బొమ్మలతో, జలపాతాలతో ఉచిత స్క్రీన్‌సేవర్లు అంటూ నెట్‌లో దొరికే ‘ఎస్‌సీఆర్’ ఫైళ్లు దించకండి. అవి ఫోటోలు కావు, నడిచే ప్రోగ్రాములు. వాటిలో వైరస్ రావడం కొత్తేమీ కాదు. ఆ బొమ్మలే కావాలంటే జేపెగ్‌లు తెచ్చి మీ ఫోల్డర్‌లో వేసుకోండి.

## 7. టైములు

స్క్రీన్‌సేవర్ మొదలయ్యేలోపే తెర ఆరిపోతే ఫోటోలు ఎప్పటికీ కనిపించవు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, పవర్ దగ్గరికి వెళ్లి తెర ఆరే టైమ్, స్లీప్ టైమ్ రెండూ చూడండి. వరుస ఇలా ఉండాలి: ముందు స్క్రీన్‌సేవర్, తర్వాత తెర ఆరడం, ఆఖరున స్లీప్.

- ఇంట్లో డెస్క్‌టాప్: 5 నిమిషాలు, 25 నిమిషాలు, 45 నిమిషాలు.
- ల్యాప్‌టాప్, చార్జర్ పెట్టి: 5, 15, 30.
- ల్యాప్‌టాప్, బ్యాటరీ మీద: ఫోటోలు వద్దు. తెర 3 నిమిషాల్లో ఆరిపోనివ్వండి.
- ఓఎల్ఈడీ తెర (ఒకే బొమ్మ చాలాసేపు ఉంటే మచ్చ పడే అవకాశం ఉన్న రకం): 3, 10, 20.

స్క్రీన్‌సేవర్ కరెంటు ఆదా చేయదు. ఫోటోలు తిరుగుతున్నంతసేపూ తెర వెలుగుతూనే ఉంటుంది. పగలూ రాత్రీ నడిచేలా పెట్టకండి.

## 8. మ్యాక్‌లో

సిస్టమ్ సెట్టింగ్స్ తెరిచి, సెర్చ్‌లో ‘స్క్రీన్ సేవర్’ కొట్టండి; వెర్షన్‌ని బట్టి చోటు మారుతుంది. ఫోటోల స్టైల్స్‌లో ‘కెన్ బర్న్స్’ మెల్లగా దగ్గరికి, దూరానికి జరుపుతూ చూపిస్తుంది, ‘క్లాసిక్’ మామూలుగా మారుస్తుంది. ఆప్షన్స్‌లో మీ ఫోల్డర్‌నో, ఫోటోస్ ఆల్బమ్‌నో చూపించండి. టైములు, పాస్‌వర్డ్ ‘లాక్ స్క్రీన్’ విభాగంలో ఉంటాయి. హెచ్ఈఐసీ తలనొప్పి ఇక్కడ లేదు.

## 9. రాకపోతే ఏం చూడాలి

ప్రివ్యూలో వస్తుంది, దానంతట అది రాదు. ముందు 7వ భాగంలోని వరుస సరిచూడండి. తర్వాత మౌస్: గాజు బల్ల మీద, లేదా మెరిసే ఉపరితలం మీద పెట్టిన మౌస్ ఎవరూ ముట్టకపోయినా అటూ ఇటూ వణుకుతుంటుంది, కంప్యూటర్ దాన్ని వాడకంగా లెక్కేస్తుంది. కింద ప్యాడ్ వేయండి, లేదా పరీక్షకు మౌస్‌ను బోర్లా తిప్పి పెట్టండి. గేమ్ కంట్రోలర్ తగిలించి ఉంటే పీకేయండి. బ్రౌజర్‌లో వీడియో, మీటింగ్ నడుస్తున్నా రాదు.

విండోస్ కీతో ‘ఎల్’ నొక్కి లాక్ చేస్తే రావడం లేదు. అది లాక్ స్క్రీన్, దాని దారి వేరు. మామూలు సెట్టింగ్‌లో అక్కడ తెర దాదాపు నిమిషంలో ఆరిపోతుంది. ఫోటోలు కావాలంటే లాక్ చేయకుండా, లాగాన్ స్క్రీన్ టిక్ పెట్టి వదిలేయండి.

నల్లటి తెర మాత్రమే వస్తుంది. ఫోల్డర్ తెరిచి ఫైళ్లు చూడండి. జిప్ ఉందా? అన్నీ హెచ్ఈఐసీనా? ఫోల్డర్ పేరు మార్చారా, వేరే చోటికి జరిపారా? పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్ చూపించి ఉంటే, పెన్‌డ్రైవ్ తీసేశారా?

కొన్ని ఫోటోలే వస్తున్నాయి. ఫోల్డర్ వన్‌డ్రైవ్‌లో (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజ్‌లో) ఉంటే, మబ్బు గుర్తు ఉన్నవి ఇంకా కంప్యూటర్‌లోకి దిగలేదని అర్థం. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’.

సెట్టింగ్‌లు బూడిద రంగులో ఉన్నాయి, మారడం లేదు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కంపెనీ ఐటీ వాళ్లు బిగించి ఉంటారు. వాళ్లను అడగండి, అడ్డదారులు తొక్కకండి.

## 10. ఊళ్లో అమ్మానాన్నల కంప్యూటర్‌కు విదేశం నుంచి ఫోటోలు

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మనవడి ఫోటో గుంటూరులో తాతయ్య తెర మీద దానంతట అదే రావాలని అడిగేవాళ్లు చాలామంది. వన్‌డ్రైవ్‌తో అవుతుంది, ఉచితంగా ఇచ్చే 5 జీబీ దీనికి చాలు.

1. మీ వన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ చేసి, అమ్మానాన్నల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు షేర్ చేయండి.
2. వాళ్ల కంప్యూటర్ బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ తెరిచి, షేర్ చేసిన ఫోల్డర్ దగ్గర ‘యాడ్ షార్ట్‌కట్ టు మై ఫైల్స్’ నొక్కాలి. కాసేపటికి అది ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కనిపిస్తుంది.
3. దానికి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ ఇవ్వాలి.
4. స్క్రీన్‌సేవర్ సెట్టింగ్స్‌లో బ్రౌజ్ చేసి ఆ ఫోల్డర్ చూపించాలి.
5. ఇకపై మీరు అక్కడ ఫోటో వేస్తే చాలు. ఐఫోన్ అయితే జేపెగ్‌గా మార్చి వేయండి.

2 నుంచి 4 వరకు పనులు విండోస్‌లోనే ఉండే క్విక్ అసిస్ట్‌తో మీరే దూరం నుంచి చేసి పెట్టొచ్చు. ముందు ఫోన్ చేసి, మాట్లాడుతూనే క్విక్ అసిస్ట్ మీకు చూపించే కోడ్ చెప్పండి. ఇంకెవరు ఫోన్ చేసి కోడ్ టైప్ చేయమన్నా చేయొద్దని వాళ్లకు గట్టిగా చెప్పి ఉంచండి.

వారానికి మూడు నాలుగు కొత్తవి వేసి, పాతవి అన్నే తీస్తూ ఉండండి. పిల్లవాడి మొదటి అడుగు, ఊడిన పన్ను, స్కూల్లో వేసిన ముగ్గు బొమ్మ లాంటివి వేయండి. పార్కుల్లో, మాల్స్‌లో దిగిన పోజుల కంటే వాళ్లకు ఇవే కావాలి.